బంపర్ టు బంపర్ తీసుకుంటే ఒరిజినల్ పార్టులే వేస్తారా? పర్లాకిమిడి నుంచి అడుగుతున్నాను

స్టూడియో_పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో నాకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, ఏది వచ్చినా వెళ్తాను. ఏరు దాటితే పాతపట్నం, ఇటు కాశీనగరం, గుణుపురం, అటు మోహన దాకా తిరుగుడే. బండి 2021 స్విఫ్ట్ పెట్రోల్, ఓడీ (ఒడిశా) నంబరు. నెలాఖరుకి ఇన్సూరెన్స్ అయిపోతుంది, ఇంకా 18 రోజులుంది. పోయినసారి ఫోన్లో అయిదు నిమిషాల్లో కొనేశాను. దాని ఫలితం చెప్తే నా ప్రశ్న ఏమిటో మీకే అర్థమవుతుంది.

మొన్న మాఘమాసంలో గుణుపురంలో పెళ్లి తీసి రాత్రి ఒంటిగంట దాటాక తిరిగొస్తున్నాం. నేను, మా అసిస్టెంటు కుర్రాడు, వెనక సీట్లో కెమెరాలు, లైట్లు. కాశీనగరం దాటాక ఒక మలుపులో రోడ్డు మధ్యన గేదె. మా ఊరి కొమ్ము బొమ్మలు ఎక్కడెక్కడికో వెళ్తాయి కదా, ఆ రాత్రి కొమ్ము తన పనితనమంతా నా బానెట్ మీదే చూపించింది. బంపర్, గ్రిల్, ఎడమ హెడ్‌లైట్ పోయాయి. బానెట్ ముడుచుకుంది, ఫెండర్ నొక్కుకుంది, ఏసీ కండెన్సర్ పగిలింది. మనుషులకి ఏమీ కాలేదు, కెమెరాలకీ ఏమీ కాలేదు. మనుషులే ముందనుకోండి.

కంపెనీకి ఫోన్ చేస్తే మా లిస్టులో ఉన్న ఈ గ్యారేజీకే తీసుకెళ్లాలి అన్నారు. అది షోరూమ్ కాదు, ప్రైవేట్ గ్యారేజీ. పేరు, ఊరు ఇక్కడ రాయను. బిల్లు 40,000 వేశారు. ప్లాస్టిక్ సామాను 10,000, ఇనుప సామాను, కండెన్సర్ కలిపి 16,000, పెయింటింగ్ 9,000, లేబర్ 5,000. అందులో నా జేబులోంచి పోయింది 11,125. అది కాక క్లిప్పులు, కూలెంట్, ఏసీ గ్యాస్ అంటూ ఇంకో 1,200. క్యాష్‌లెస్ అంటే ఇదేనా అనుకున్నాను. సరే, అది నా తెలివితక్కువ, బంపర్ టు బంపర్ అని సామాను తరుగుదల కోయకుండా ఇచ్చే కవర్ తీసుకోలేదు.

అసలు బాధ తర్వాత మొదలైంది. జూన్‌లో మొదటి వాన పడగానే కొత్త హెడ్‌లైట్ లోపల ఆవిరి పట్టింది. రెండు లైట్లూ వేసి గోడ మీదకి కొట్టి చూశాను. కుడిది తెల్లగా ఉంది, ఎడమది చెరుకురసం రంగులో ఉంది. నేను ఫోటోలు తీసేవాణ్ణి, తెలుపులో తేడా నా కంటిని దాటిపోదు. బానెట్ మూస్తే కుడి పక్క సందులో గోరు దూరుతుంది, ఎడమ పక్క వేలు దూరుతుంది. బిల్లు తీసి చూస్తే "హెడ్ ల్యాంప్ అసెంబ్లీ ఎడమ" అని ఉంది, రేటు ఉంది, పార్ట్ నంబరు లేదు. షోరూమ్‌కి ఫోన్ చేసి ఒరిజినల్ రేటు అడిగాను. నా బిల్లులో ఉన్న రేటూ దానికి దగ్గరగానే ఉంది! అంటే డబ్బు ఒరిజినల్‌ది, సామాను లోకల్‌ది.

ఇప్పుడు నా దగ్గర మూడు కోట్లు ఉన్నాయి, రూపాయల కోట్లు కాదు, ప్రీమియం కొటేషన్లు. ఒకటి ఫోన్ యాప్‌లో పాత కంపెనీదే, 7,900. రెండోది ఇంకో కంపెనీ, బంపర్ టు బంపర్, కన్స్యూమబుల్స్ (క్లిప్పులు, కూలెంట్ లాంటివి) కలిపి 11,600. మూడోది షోరూమ్ వాళ్లు ఇచ్చింది, 14,900. ఏ కంపెనీ తీసుకుంటే ఒరిజినల్ పార్టులే వేస్తారు? ఒక వీడియోలో "ఒరిజినల్ పార్టుల కవర్ అని అడిగి తీసుకోండి" అన్నారు. ఈ మూడింట్లో ఎక్కడ వెతికినా ఆ మాట కనబడలేదు. మన దగ్గర అసలు అలాంటిది ఉందా? షోరూమ్ పాలసీ తీసుకుంటేనే షోరూమ్‌లో చేస్తారా?

ట్యాక్సీ_ఇచ్ఛాపురం

అన్నా, మరీ అంత టెన్షన్ వద్దు. పదకొండేళ్లుగా బరంపురం, ఇచ్ఛాపురం, పలాస తిప్పుతున్నాను. బంపర్ ఇప్పటికి మూడోది, మూడూ లోకలే. బంపర్‌కి ఒరిజినల్ ఎందుకు, మళ్లీ ఎవడో ఒకడు గుద్దుతాడు. బ్రేకు, స్టీరింగు, సస్పెన్షన్ సామాను మాత్రం లోకల్ వేయించను. ఒకసారి వేయించి సోంపేట దగ్గర నడిరోడ్డు మీద కూర్చున్నాను. నీది సొంత బండి, అమ్మేటప్పుడు రేటు చూస్తారు కాబట్టి నీ లెక్క వేరు అనుకో. నా వరకైతే చవక పాలసీ చాలు.

స్పేర్స్_రాయగడ

స్టూడియో బాబూ, పదహారేళ్లు విజయనగరంలో ఒక షోరూమ్ బాడీషాపులో ఎస్టిమేట్లు రాశాను. ఇప్పుడు రాయగడలో చిన్న స్పేర్ పార్టుల కొట్టు పెట్టుకున్నాను. ఒరిజినలూ అమ్ముతాను, లోకలూ అమ్ముతాను. కాబట్టి నా మాట రెండు వైపులా విన్నాననుకోండి.

ముందు ఆ వీడియో సంగతి. అమెరికాలో ఒరిజినల్ పార్టులకని విడిగా ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే కవర్ కొంటారు. అది కొనకపోతే అక్కడి చాలా రాష్ట్రాల్లో బయటి కంపెనీ పార్టు వేసే హక్కు ఇన్సూరెన్స్ వాళ్లకి ఉంటుంది. మీరు చూసింది అక్కడి ముచ్చట అయ్యుంటుంది. మన దగ్గర మామూలు కార్ పాలసీలో ఆ పేరుతో లైను కోసం వెతికితే కళ్లు నొప్పులే. బండి బాగుచేయించడం, పార్టు మార్చడం, లేదా ఆ నష్టానికి డబ్బు ఇవ్వడం, ఈ మూడింట్లో ఏది చేయాలో ఎంచుకునే హక్కు కంపెనీదే అని పాలసీలో రాసి ఉంటుంది. ఏ డబ్బాలోంచి తీసిన పార్టు అన్నది దాంట్లో తేలదు.

రెండోది, బంపర్ టు బంపర్. చాలామంది దీన్ని ఒరిజినల్ పార్టుల గ్యారంటీ అనుకుంటారు. కాదు. అది తరుగుదల సంగతి మాత్రమే. మీ బిల్లు లెక్క చూడండి. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ సామాను ఎంత కొత్త బండిదైనా సగం కోస్తారు. ఎయిర్‌బ్యాగూ, బ్యాటరీ, టైర్లూ అదే లెక్క. మీ 10,000లో 5,000 అలా పోయింది. ఇనుప సామానుకి బండి వయసు చూస్తారు. ఆర్నెల్ల లోపు ఏమీ లేదు, ఏడాది లోపు 5 శాతం, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, అయిదేళ్ల లోపు 35, అక్కడినుంచి పదేళ్ల దాకా 40, ఆపైన 50. అప్పటికి మీ బండికి మూడేళ్లు దాటాయి కాబట్టి 16,000లో 4,000. పెయింటింగ్‌లో నాలుగో వంతు రంగు ఖరీదు అని లెక్కగట్టి దాంట్లో సగం కోస్తారు. 9,000కి 2,250, అందులో సగం 1,125. చివర 1,500 సీసీ లోపు బండికి తప్పనిసరి కోత 1,000. కలిపితే మీ 11,125 అణాపైసలతో సరిపోయింది. కాబట్టి కోతలో మోసం లేదు. మోసమంతా సామానులోనే. ఈ నెలాఖరుతో బండికి నాలుగేళ్లు నిండుతాయి, అప్పుడు ఇనుముకి 25 కాస్తా 35 అవుతుంది. బంపర్ టు బంపర్ లేకుండా ఇంకో ఏడాది తిరగడం మీలాంటి రాత్రి ప్రయాణాల వాళ్లకి కుదరదు.

బంపర్ టు బంపర్ ఉన్నా తప్పనిసరి కోత 1,000 కట్టాల్సిందే. టైర్లు, బ్యాటరీ చాలా పాలసీల్లో దాని కిందకి రావు. ఏడాదికి రెండు క్లెయిములే అనే లెక్క కూడా చాలావాటిలో ఉంటుంది. క్లిప్పులు, కూలెంట్, గ్యాస్ లాంటివి కన్స్యూమబుల్స్ కవర్ ఉంటేనే ఇస్తారు.

మరి ఒరిజినలా కాదా అన్నది ఎక్కడ తేలుతుంది? గ్యారేజీ గేటు దగ్గర. బండి షోరూమ్ వర్క్‌షాపులోకి వెళ్తే ఎస్టిమేట్ కంప్యూటర్లో తయారవుతుంది. ఒక్కో పార్టుకీ నంబరు, ఎమ్మార్పీ ఉంటాయి. నష్టం లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే సర్వేయర్ వచ్చి ఆ కాగితం మీదే "ఇది మార్చు, ఇది బాగుచెయ్యి" అని టిక్కులు పెడతాడు. స్టోర్స్‌లోంచి ఆ నంబరు సామానే బయటకి వస్తుంది. వేరేది వేస్తే వాళ్ల డీలర్‌షిప్‌కే ఎసరు. ప్రైవేట్ గ్యారేజీలో అంతా చేతిరాత. అందరూ దొంగలని కాదు. మా రాయగడలోనే బంగారం లాంటి పనివాళ్లు ఉన్నారు, టింకరింగులో షోరూమ్ కుర్రాళ్లు వాళ్ల కాలిగోటికి సరిపోరు. కానీ అక్కడ పార్టు నంబరు రాయించుకోవడం మన పని, ఎవరూ వచ్చి రాయరు.

మీ పాత పాలసీ కాగితం ఒకసారి తీసి చూడండి. కొన్ని పాలసీల్లో "కంపెనీ ఎంచిన గ్యారేజీలోనే చేయిస్తాను" అని ఒప్పుకుంటే ప్రీమియం తగ్గిస్తారు. బయట చేయిస్తే అదనంగా కోస్తారు. ఫోన్లో కొనేటప్పుడు ఆ డబ్బా ముందే టిక్కు పెట్టి ఉంటుంది, మనం తగ్గిన రేటు చూసి మురిసిపోతాం. "ఈ గ్యారేజీకే వెళ్లాలి" అని మీతో గట్టిగా అన్నారంటే నాకు అదే అనుమానం.

ఇంకో మాట. ఒరిజినల్ అంటే మారుతి తయారుచేసింది అని కాదు. హెడ్‌లైట్లు లూమాక్స్ లాంటి వాళ్లు చేసిస్తారు, అద్దాలు అసాహి లాంటి వాళ్లు చేసిస్తారు. అదే వస్తువు మారుతి డబ్బాలో వస్తే కంపెనీ పార్టు. తయారీదారు సొంత డబ్బాలో వస్తే కాస్త తక్కువకి దొరుకుతుంది, దానికి నేను వంక పెట్టను. మూడో రకం ఉంది చూశారూ, డబ్బా మీద పేరే ఉండదు, ఉంటే ఒక అక్షరం తేడాతో ఉంటుంది, మీకు పడింది అదే. హెడ్‌లైట్‌లో అంచు సీలు సరిగ్గా అంటదు, వాన పడితే ఆవిరి. లోకల్ బానెట్ రేకు పలచగా ఉంటుంది, కీలు దగ్గర చిల్లులు ఒక నూలు అటూ ఇటూ అవుతాయి. మీ గోరు సందు, వేలు సందు అక్కడివే.

సర్వేయర్ "బానెట్ మార్చక్కర్లేదు, సాపు చేయించు" అంటే వెంటనే గొడవపడకండి. చిన్న నొక్కు అయితే కంపెనీ నుంచి వచ్చిన పాత రేకుని మంచి చేతివాటం ఉన్నవాడు సాపు చేస్తే, కొత్త లోకల్ రేకు కంటే వందరెట్లు నయం. కొత్తది అనగానే మంచిది అనుకునే జబ్బు మనకి ఉంది. ముడుచుకుపోయిన బానెట్, పగిలిన హెడ్‌లైట్, లోపలి ఇనుప కడ్డీ మాత్రం మార్పించాల్సిందే.

స్టూడియో_పర్లాకిమిడి

గురువుగారూ, దండం. పాలసీ తీసి చూశాను. మీరన్నట్టే మూడో పేజీలో చీమతలంత అక్షరాల్లో ఆ గ్యారేజీల షరతు ఉంది. డిస్కౌంట్ వచ్చింది 640 రూపాయలు. 640కి నా హెడ్‌లైట్ అమ్ముకున్నానన్నమాట.

ఒక డౌటు. మాకు దగ్గర్లో పెద్ద షోరూమ్ వర్క్‌షాపు అంటే శ్రీకాకుళమే. బరంపురం వెళ్లాలంటే సగం రోజు పోతుంది. నాది ఓడీ నంబరు, పాలసీలో అడ్రసు ఒడిశా. ఆంధ్రాలో క్యాష్‌లెస్ చేస్తారా? సర్వేయర్ బరంపురం నుంచి రావాలంటే ఎన్నాళ్లు పడుతుంది?

టీచర్_గుణుపురం

తమ్ముడూ, దీనికి నేను చెప్పగలను, రెండేళ్ల కిందట నేనూ ఇదే పడ్డాను. పార్వతీపురం నుంచి వస్తుంటే ముందు లారీ టైరు కింద నుంచి కంకర రాయి ఎగిరి నా ముందు అద్దానికి తగిలింది. మొదట రూపాయి బిళ్లంత చుక్క. మా వారు "ఏం కాదులే" అన్నారు. మర్నాడు ఎండలో పెట్టి ఏసీ వేశానో లేదో, ఆ చివర నుంచి ఈ చివరకి గీత పాకింది.

పాలసీ దేశమంతా చెల్లుతుంది. నంబరు ఓడీ అయితే ఏమిటి, ఏపీ అయితే ఏమిటి. బండి ఎక్కడ నిలబడి ఉందో అక్కడికి దగ్గర సర్వేయర్‌ని పంపిస్తారు. నాది విజయనగరంలో చేశారు. సర్వేయర్ రాకుండానే వర్క్‌షాపు వాళ్లు వీడియోలో చూపించారు, అద్దమే కాబట్టి మధ్యాహ్నానికి సరే అన్నారు. అద్దానికి తరుగుదల కోత ఉండదు, అది నాకు అప్పుడే తెలిసింది. బంపర్ టు బంపర్ లేకపోయినా గాజుకి పూర్తి రేటు ఇస్తారు. వెయ్యి కోత, అద్దం అతికించే జిగురుకి కొంత, అంతే కట్టాను. బండి నుంచి తీసిన అద్దం మూల మీద అచ్చు ఎలా ఉందో, కొత్తదాని మీదా అదే అచ్చు ఉందా అని పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. పరీక్ష పేపర్లు దిద్దే కన్ను కదా, ఊరికే వదలదు.

నేను చేసిన తప్పు ఒకటుంది. మొదట ఫోన్ చేయకుండా తిన్నగా మా గుణుపురం మెకానిక్ దగ్గరికి వెళ్లాను. అతను మంచివాడే, "అమ్మా, ముందు కంపెనీకి చెప్పండి, నేను విప్పితే మీ క్లెయిమ్ పోతుంది" అన్నాడు. విప్పకముందే ఫోన్ చేయాలి, ఫోటోలు తీయాలి. ఫోటోల సంగతి నీకు చెప్పక్కర్లేదనుకో.

ఇంతకీ ఆ గేదె ఏమైంది? ఎవరూ అడగరేం?

ఏజెంట్_బరంపురం

నమస్తే. నేను ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని, ముందే చెప్తున్నాను, తర్వాత "వీడు అమ్ముకోవడానికి వచ్చాడు" అనొద్దు.

బాబుగారూ, ఆ 7,900 కోట్ మళ్లీ తెరవండి. అందులో ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు, ఎంత పెట్టారో చూడండి. మీరు ఫిబ్రవరిలో క్లెయిమ్ చేశారు కాబట్టి ఈ రెన్యువల్‌కి ఎన్‌సీబీ సున్నా. యాప్‌లో చాలాసార్లు "క్లెయిమ్ చేయలేదు" అని దానంతట అదే పెట్టి రేటు చూపిస్తుంది. అలాగే కట్టేస్తే రేపు క్లెయిమ్ వచ్చినప్పుడు పాత కంపెనీ రికార్డు చూసి పేచీ పెడతారు. ఎన్‌సీబీ ఓన్ డ్యామేజ్ (మన బండి నష్టానికి కట్టే) భాగం మీదే తగ్గుతుంది. థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి కట్టే) రేటు ప్రభుత్వం పెట్టింది, ఏ కంపెనీలోనైనా ఒకటే. మీ స్విఫ్ట్ 1,000 నుంచి 1,500 సీసీ మధ్యలో వస్తుంది, 2022లో పెట్టిన రేటు ప్రకారం 3,416, ఆపైన జీఎస్టీ.

వాలంటరీ డిడక్టిబుల్ కూడా చూడండి. 5,000 అని ఉంటే తప్పనిసరి 1,000 కాకుండా ఇంకో అయిదు వేలు మీ జేబులోంచే. ఐడీవీ, అంటే పాలసీలో మీ బండికి కట్టిన విలువ, కూడా సరిచూసుకోండి. దాన్ని కిందకి లాగితే ప్రీమియం తగ్గుతుంది, కానీ బండి పూర్తిగా పోతే వచ్చేది అంతే. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి మొత్తం నష్టం కింద లెక్క. ఐడీవీ తక్కువ పెట్టుకుంటే బాగుచేయగలిగిన బండి కూడా తుక్కు లెక్కలోకి పోతుంది.

షోరూమ్ పాలసీ అని ప్రత్యేకంగా ఏమీ లేదు. షోరూమ్ అమ్ముతుంది, ఇచ్చేది మామూలు ఇన్సూరెన్స్ కంపెనీయే. అక్కడే కొనాలన్న రూల్ లేదు. అయితే గేదెకి గుద్దింది రాత్రి ఒంటిగంటకి కదా, అప్పుడు టోయింగ్ ఎవరు చేశారు? మామూలు పాలసీలో లాగుడు ఖర్చుకి 1,500 దాకానే ఇస్తారు. మీ దారుల్లో అది ఏ మూలకీ రాదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కూడా కలపమంటాను.

ట్యాక్సీ_ఇచ్ఛాపురం

ఏజెంట్‌గారూ, చివరికి ఒక యాడ్-ఆన్ అంటగట్టారు. అనుకున్నాను.

ఏజెంట్_బరంపురం

రెండు మూడు వందల కంటే ఎక్కువ ఉండదు తమ్ముడూ. సోంపేట దగ్గర రోడ్డు మీద కూర్చున్నానన్నావు కదా, ఆరోజు నీ దగ్గర ఉండి ఉంటే తెలిసేది.

స్పేర్స్_రాయగడ

టీచరమ్మగారు సరిగ్గా చెప్పారు. శ్రీకాకుళంలో చేయించుకోవచ్చు, ఏ ఇబ్బందీ లేదు. చూసుకోవాల్సింది ఒక్కటే, ఆ వర్క్‌షాపుతో మీరు కొనే కంపెనీకి క్యాష్‌లెస్ ఒప్పందం ఉందా అని. కంపెనీ వెబ్‌సైటులో లిస్టు నమ్మొద్దు, పాతది ఉంటుంది. వర్క్‌షాపుకే ఫోన్ చేసి "బాడీషాపు ఇవ్వండి" అని అడగండి. రిసెప్షన్ అమ్మాయి అన్నీ ఉన్నాయనే అంటుంది. బాడీషాపులో ఎస్టిమేట్ రాసేవాడికి ఏ కంపెనీ డబ్బు ఎన్నాళ్లకి వస్తుందో, ఏ కంపెనీ సర్వేయర్ ప్రతి పార్టుకీ బేరమాడతాడో నోటికి వస్తుంది. నేను ఆ కుర్చీలో ఉన్నప్పుడు అడిగినవాళ్లు ఏడాదికి ఇద్దరో ముగ్గురో. అడిగితే చెప్పేవాణ్ణి.

క్యాష్‌లెస్ లేకపోయినా షోరూమ్‌లో చేయించుకుని బిల్లు పెట్టి డబ్బు తెచ్చుకోవచ్చు, కానీ ముందు మీ జేబులోంచి పెట్టాలి. విప్పకముందే సర్వేయర్ చూడాలి, అది మాత్రం మారదు.

పని జరిగేటప్పుడు మూడు కాగితాలు మీ దగ్గర ఉంచుకోండి. పార్టు నంబర్లున్న ఎస్టిమేట్, సర్వేయర్ ఒప్పుకున్న లిస్టు, చివరి బిల్లు. మూడింట్లోనూ నంబర్లు ఒకటే ఉండాలి. డబ్బా తెరిచేటప్పుడు అక్కడుంటే ఇంకా మంచిది. మారుతి డబ్బా మీద హోలోగ్రాం స్టిక్కర్, పార్టు నంబరు, ఎమ్మార్పీ ఉంటాయి. మీరు ఊళ్లో ఉండరు కాబట్టి వాట్సాప్‌లో ఫోటో పంపమనండి, పంపుతారు. విప్పిన పాత సామాను ఇంటికి తెచ్చుకుంటానని పట్టుబట్టకండి, కొత్త పార్టుకి డబ్బిచ్చినప్పుడు పాతది కంపెనీ లెక్కలోకి పోతుంది.

మీ హెడ్‌లైట్ సంగతి వదిలేయకండి. బిల్లులో ఒరిజినల్ రేటు వేసి లోకల్ వేశారని ఇన్సూరెన్స్ కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి మెయిల్ పెట్టండి, ఫోటోలు జతచేయండి. మోసపోయింది మీరొక్కరే కాదు, వాళ్లూ ఆ రేటు కట్టారు కదా.

టీచర్_గుణుపురం

కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, అడ్డదిడ్డంగా ఇచ్చినా, కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఒడిశా వాళ్లకి భువనేశ్వర్‌లో ఆఫీసు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మా స్కూల్లో ఒకాయన ఇంగ్లీషులో ఒకే పేజీ రాసి పంపాడు, విచారణకి పిలిచారు. కంపెనీ ఆఖరు జవాబు వచ్చిన ఏడాది లోపు వెళ్లాలి.

గేదె సంగతి ఇంకా చెప్పలేదు.

స్టూడియో_పర్లాకిమిడి

పది రోజుల తర్వాత రాస్తున్నాను. పెళ్లిళ్ల ఆల్బమ్‌ల పనిలో పడిపోయాను, క్షమించాలి.

ఏజెంట్‌గారు అన్నది నిజం. 7,900 కోట్‌లో నా ఎన్‌సీబీ 45 శాతం అని పెట్టి ఉంది. దాన్ని సున్నా చేసి, గ్యారేజీ టిక్కు తీసేసి, వాలంటరీ డిడక్టిబుల్ కూడా తీసేస్తే 10,300 అయింది, అదీ బంపర్ టు బంపర్ లేకుండా! 11,600 వాళ్లు మొదటే క్లెయిమ్ ఉందా అని అడిగి సున్నాతో ఇచ్చారు. అంటే తేడా 1,300. ఇన్నాళ్లూ 3,700 తేడా అని తల పట్టుకున్నాను.

శ్రీకాకుళం వర్క్‌షాపుకి ఫోన్ చేసి రాయగడ గురువుగారు చెప్పినట్టే బాడీషాపు అడిగాను. మొదటి రెండుసార్లు సర్వీస్‌కి కలిపారు. మూడోసారి దొరికాడు. మూడు కంపెనీల పేర్లు చెప్తే ఒకటి "మాకు లేదు సార్", ఒకటి "ఉంది గానీ అప్రూవల్ లేటు", ఒకటి "బాగా వస్తుంది" అన్నాడు. బాగా వస్తుంది అన్నది 11,600 కంపెనీ. షోరూమ్ వాళ్లు నాకు 14,900కి ఇచ్చిన కోట్ కూడా అదే కంపెనీదని అప్పుడు తెలిసింది! అదే పాలసీ, తాళంచెవి కవర్, ఇంకేవో రెండు కలిపారు. నా తాళంచెవి నా మెడలోనే ఉంటుంది, దానికి కవర్ ఎందుకు.

నిన్న 11,600కి రోడ్‌సైడ్ కలిపి కట్టేశాను. పోయినసారి బంపర్ టు బంపర్ లేదు కాబట్టి ముందు బండి తనిఖీ అన్నారు. మనిషి రాలేదు, ఫోన్లో లింకు పంపి వీడియో తీయమన్నారు. వీడియో తీయడం నాకా నేర్పేది? నాలుగు వైపులా మంచి వెలుతుర్లో తీసి పంపాను. ఆవిరి పట్టిన హెడ్‌లైట్ కూడా చూపించాను, దాస్తే రేపు నాకే చుట్టుకుంటుంది. అది తప్ప మిగతా బండికి ఓకే అన్నారు.

పాత కంపెనీకి మెయిల్ పెట్టాను. జవాబుగా ఒక నంబరు మాత్రం వచ్చింది. నెల రోజులు చూస్తాను, తర్వాత టీచరమ్మగారు చెప్పిన భువనేశ్వర్.

అక్కా, గేదెకి ఏమీ కాలేదు. కాసేపు నా వంక చూసి లేచి వెళ్లిపోయింది. మర్నాడు దాని యజమాని స్టూడియోకి వచ్చాడు. బండి మీద స్టూడియో పేరు, ఫోన్ నంబరు పెద్దక్షరాల్లో రాయించుకున్నాను కదా. పాలు తగ్గాయి, 3,000 ఇమ్మన్నాడు. మాటల్లో తేలిందేమిటంటే వాళ్లమ్మాయికి ఆధార్‌కీ కాలేజీకీ పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు కావాలి. ఫోటోలు, ఒక లామినేషన్, ఫ్రేము కట్టిన ఫ్యామిలీ ఫోటో. అక్కడితో సరి. కంపెనీకి చెప్పకుండా అవతలివాళ్లతో ఇచ్చిపుచ్చుకోకూడదని పాలసీలో ఉందట, ఏజెంట్‌గారు తిట్టినా ఫర్వాలేదు.

హెడ్‌లైట్ నా సొంత డబ్బుతో శ్రీకాకుళంలోనే ఆర్డర్ పెట్టాను, పార్టు నంబరు చెప్పి. సోమవారం వస్తుందట. నేను వచ్చేదాకా డబ్బా తెరవొద్దని చెప్పాను.